ఎంబ్రిక్ వెనక ఇరవై రెండు కార్లు

"ఎవరి మేకలయ్యా అవి? పాలిస్తాయా?"

మూడో అంతస్తు బాల్కనీలోంచి దాగ్నీ అవ్వ వేసిన ఆ ప్రశ్నకి మా కాలనీ శ్రమదానం ఒక్క నిమిషం ఆగిపోయింది. కింద వాకిట్లో చేపల పెట్టె బోర్లించి, దాని మీద నిలబడి, "వసంతం వచ్చేసింది! మేకులు విప్పెయ్యండి!" అని అప్పటిదాకా అరుస్తున్నది నేనే. మేకులంటే చలికాలపు టైర్లకుండే ఇనుప మేకులు. అవ్వ చెవిలో పడేసరికి వాటికి కొమ్ములు మొలిచాయి. మేకపాల జున్ను పంచుతున్నామనుకుని ఆవిడ పళ్ళెం పట్టుకుని మరీ కిందికి దిగింది.

నేను ఒక టైరు దొర్లించుకొచ్చి ఆవిడ వేలు మేకు మీద పెట్టాను. "ఇవవ్వా మేకులు. మే మే అనవు, టకటకమంటాయి."

"మరి జున్నేదీ?"

"టైరుకి జున్ను పడదవ్వా. గాలే పడుతుంది."

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. పళ్ళెంలో రెండు అట్లు వేయించుకుని పైకి వెళ్ళిపోయింది.

మా బెర్గెన్ వాళ్ళకి రెండు విషయాల్లో పేరు: వాన, వాగుడు. మొదటిదానికి గొడుగుంది. రెండోదానికి ఇంకా కనిపెట్టలేదు. నేను, దిద్రిక్, రేవులో ఇరవై ఏడేళ్ళుగా చేపలమ్ముతున్నాను. సముద్రంలో ఉన్న చేపకి కూడా నా కేక వినపడుతుందని మా కాలనీలో అంటారు. అందుకే ఏటా ఈస్టర్ వారానికి ముందు శనివారం శ్రమదానానికి నన్నే పెద్దని చేస్తారు. వాకిలి ఊడుస్తాం, అట్లు పోస్తాం, టైర్లు మారుస్తాం. విప్పిన చలికాలపు టైర్లని ఔదున్ తన బండికి తగిలించిన ట్రాలీలో వేసుకుని టైర్ల హోటల్లో దింపి వస్తాడు. శీతాకాలం దాకా అవి అక్కడే బస. మనిషికి సెలవల్లో గది దొరకదేమో గాని, మా దేశంలో టైరుకి దొరుకుతుంది.

ఔదున్ గురించి ఒక్క మాట. కింది వాటాలో ఉంటాడు, దాగ్నీ అవ్వకి అల్లుడు, బ్యాండు మేళంలో పెద్ద ఇత్తడి బాకా ఊదుతాడు. ఏమన్నా ఔననే మనిషి. నేను వసంతమంటే ఔనన్నాడు. టైర్లు మార్చమంటే ఔనన్నాడు. అలాంటి మనిషి కింది వాటాలో ఉండటం నా లాంటి నోటికి ఎంత సుఖమో, ఎంత ప్రమాదమో ఆ వారంలోనే తెలిసింది.

అందరికంటే ముందు నా కారు టైర్లే విప్పాను. చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. అప్పుడే నా భార్య సిగ్రూన్ ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"నాన్నకి వచ్చే గురువారంతో ఆఖరట."

నా చేతిలో పానా జారిపోయింది. "అయ్యో! డాక్టర్లేమన్నారు?"

"డాక్టర్లెందుకు? ఒళ్ళు ఇనుము. ఉద్యోగం ఆఖరు. ఆయన చెప్పలేదు, ఆయనతో లారీ రేడియోలో మాట్లాడే కుర్రవాడు ఫోన్ చేశాడు." అంటూ ఆమె కారు వైపు చూసింది. "టైర్లు విప్పేశావా?"

"విప్పడమేంటి, ఆవిష్కరించాను!"

"మళ్ళీ వెయ్యి."

సిగ్రూన్ తండ్రి ఎంబ్రిక్ హార్దాంగర్ కొండమీద మంచు తోసే లారీ నడుపుతాడు. కొండమీద గాలి లేచి కళ్ళకేమీ కనపడనప్పుడు రోడ్డుకి గేటు వేసేస్తారు. కార్లు గేటు దగ్గర వరసగా ఆగుతాయి. అప్పుడు ఎంబ్రిక్ లారీ వచ్చి ముందు నిలబడుతుంది. దాని వెనక దీపం పట్టుకుని, ఒకరి వెనక ఒకరు, అందరూ కొండ దాటుతారు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ ముందు లారీ ఆయనదే.

మా వైపు మామగారినైనా పేరుతోనే పిలుస్తాం. ఎంబ్రిక్‌ని పిలవడం కష్టం కాదు, పలికించడం కష్టం. మా పెళ్ళిలో నాతో మూడు మాటలన్నాడు: "బెర్గెన్ వాడా? సరే." ఆ 'సరే'లో ఏముందో ఇరవై రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నేను జోకు వేస్తే, అది అయ్యేదాకా ఓపికగా ఉండి, లేచి కిటికీలోంచి వాతావరణం చూసి వచ్చేవాడు.

ఆ సాయంత్రం వంటింట్లో సిగ్రూన్ బంగాళాదుంపలు చెక్కుతూ చెప్పింది. "లోకమంతా నాన్న వెనక కొండ దాటింది. నేను దాటలేదు. చిన్నప్పుడు కొండకి అవతలే ఉన్నాం, దాటే పని లేదు. పెళ్ళయ్యాక ప్రతి చలికాలం రైల్లోనే వెళ్తున్నాం. గురువారం తుఫానని చెబుతున్నారు. ఆ వరసలో నేనుండాలి. వీలైతే మొదటి కారులో."

"రైలుకి టైర్ల గొడవే లేదు."

"రైల్లో వెళ్తే నాన్న వెనక వెళ్ళినట్టా?"

"ఏప్రిల్ మూడో వారం, సిగ్రూన్! మన వాకిట్లో పూలొచ్చాయి. పొద్దున్నే కదా కాలనీ అందరి ముందూ..."

"కాలనీ నీ టైర్లు చూడదు. నాన్న చూస్తాడు. ప్రతి కారు దగ్గరా వంగి చూస్తాడు. పనికిరాకపోతే తిప్పి పంపేస్తాడు. కూతురని చూడడు."

"మరి నా పరువు?"

ఆమె కత్తి దించింది. "చలికాలపు టైరుకి మూడు మిల్లీమీటర్ల గాడి ఉండాలని చట్టం. నీ పరువుకి అంత లోతుందా?"

ఇరవై రెండేళ్ళు నాతో కాపురం చేస్తే ఎవరికైనా మాటలొస్తాయి.

ఆదివారం వాదించాను. సోమవారం గొణిగాను. మంగళవారం ఆమె నాతో మాట్లాడటం మానేసింది. మా ఇంట్లో మౌనమంటే ఎంబ్రిక్ వచ్చి కూర్చున్నట్టే. బుధవారం పొద్దున నాకర్థమైంది. ఆమె అడుగుతున్నది టైర్లు కాదు. ఆ ఒక్క గురువారం. అది మళ్ళీ రాదు.

ఈస్టర్ సెలవలకి ముందు రోజు, బుధవారం, మా ఊళ్ళో అన్నీ పన్నెండింటికి మూసేస్తారు. పదింటికే టైర్ల హోటల్‌కి పరిగెత్తాను. అక్కడి ఆవిడ నా చీటీ చూసి కళ్ళెగరేసింది. "శనివారమే కదయ్యా దిగాయి? అప్పుడే గది ఖాళీ చేస్తున్నాయా?"

"మీ టిఫిను నచ్చలేదట."

"వసంతమని కేకలు పెట్టింది మీ కాలనీలోనే కదూ? మా వీధిదాకా వినపడింది."

నా చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ నాలుగూ బిగించింది. తారు రోడ్డు మీద మేకుల టైరు ఊరుకోదు, టకటక టకటక అని చాటింపు వేస్తూ పోతుంది. నేను ఊరంతా తిరిగి, సందుల్లోంచి నడక వేగంతో వచ్చి, మా కాలనీకి రెండు వీధుల అవతల చర్చి గోడ పక్కన కారు దాచాను. మాంసం కొట్టుకి వెళ్ళొచ్చిన శాకాహారిలా అటూ ఇటూ చూసుకుంటూ ఇల్లు చేరాను.

మెట్ల మీద ఔదున్ ఎదురయ్యాడు. భుజాన ఇత్తడి బాకా, చంకలో నారింజపళ్ళ సంచి.

"దిద్రిక్! నీ కోసమే చూస్తున్నా. రేపు మేమూ కొండ దాటుతున్నాం. అవతల మా అత్తగారి అక్కకి శుక్రవారంతో తొంభై నిండుతాయి. బాకా వినాలని అడిగిందట ముసలావిడ. మా ఆవిడ మారిట్‌కేమో భయంగా ఉంది, టైర్లు మళ్ళీ మార్చమంటుంది. హోటల్ మూయడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. మార్చెయ్యనా?"

నా చేతులకి గ్రీజు. రెండూ జేబుల్లోకి తోసేశాను.

ఒక్క మాట చాలు. 'మార్చు, నేనూ ఇప్పుడే మార్చొచ్చాను' అంటే అయిపోయేది. కానీ చేపల పెట్టె మీద నిలబడ్డ నా బొమ్మ నాకే కళ్ళముందు కనపడింది. చప్పట్లు వినపడ్డాయి. నా నోరు ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందుంటుంది. ఆ రోజు ఇరవై నిమిషాలు ముందుంది.

"వసంతమయ్యా ఔదున్! ఉన్నవి చాలు."

"ఔను. నువ్వన్నావంటే చాలు" అని అతను తేలికపడి, బాకా సర్దుకుని వెళ్ళిపోయాడు.

పన్నెండు గంటలు కొట్టడం వంటింట్లో నిలబడి విన్నాను. లెక్కపెట్టాను కూడా. సిగ్రూన్ కిటికీ దగ్గరికి వచ్చి, నా చేతుల మీది గ్రీజు చూసి, వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. నాలుగు రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు ముందు ఔదున్ సంగతి ఎలా చెప్పను? చెప్పలేదు.

గురువారం ఉదయం ఐదింటికే బయల్దేరాం. స్టీరింగ్ సిగ్రూన్ చేతిలో. కింద సముద్రపు పాయ వెంట గడ్డి పచ్చగా ఉంది, యాపిల్ కొమ్మలకి మొగ్గలు. నేను మొగ్గలు చూపించి, "చూశావా?" అన్నాను. ఆమె పైకి చూపించింది. కొండ కొస లేదు. కోసేసినట్టు, తెల్లటి దాంట్లోకి మాయమైంది. సొరంగాలు మెలికలు తిరుగుతూ పైకి ఎక్కించాయి. మొదటి సొరంగం దాటితే వాన. రెండోది దాటితే వడగళ్ళు. ఆఖరిది దాటేసరికి, ఇక్కడిదాకా దారి అనిపించుకున్నది కాస్తా ఒక్క అక్షరం తేడాతో జారి అయింది. టైర్ల కింద మేకులు టకటక మానేసి కసకసమని మంచును కరవడం మొదలెట్టాయి. నిన్న నా పరువు తీసిన ఆ చప్పుడే నాకు ఊపిరి పోసింది.

మౌర్సెట్ దగ్గర గేటు పడి ఉంది. ఎర్రదీపాలు. మాదే మొదటి కారు. సిగ్రూన్ ఇంజను ఆపి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, పరీక్ష గది బయట కూర్చున్న పిల్లలా. ఒక్కో కారే వచ్చి వెనక చేరింది. ఎనిమిదోది ఎర్రది. అద్దంలో చూశాను. పైన బాకా పెట్టె కట్టి ఉంది.

ఔదున్ వాళ్ళే.

తెల్లటి గోడలోంచి లారీ వచ్చింది. ముందు దాని మీద తిరిగే నారింజరంగు దీపం, తర్వాత ఇనుప పార, తర్వాత మిగతాది. ఎంబ్రిక్ దిగాడు. నేను ఆయన్ని ఇరవై రెండేళ్ళుగా చూసింది కుర్చీలో, కాఫీ కప్పుతో. ఇక్కడ ఆయన వేరే మనిషి. గాలి అందర్నీ వంచుతోంది, ఆయన్ని తప్ప. నేరుగా మా కారు దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతి తొడుగు తీసి, వట్టి అరచెయ్యి టైరు మీద పెట్టాడు. గుర్రం కాలు చూసినట్టు చూశాడు. నాలుగు టైర్లూ అంతే. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నాన్నా" అంది సిగ్రూన్.

"పెట్రోలుందా?"

"ఉంది."

"దుప్పటి?"

"ఉంది."

"నా వెనక దీపం వదలకు. దీపం పోతే ఆగు. ఏమైనా దిగకు."

కూతురని ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. రెండో కారుకీ అవే మాటలు. మూడో కారుకీ అంతే. ప్రతి టైరు ముందూ ఆ డెబ్బై ఏళ్ళ మనిషి మంచులో మోకాలు ఆనించాడు. అద్దంలో చూస్తూ కూర్చున్న నాకు అది తనిఖీలా అనిపించలేదు. ఏదో దీక్షలా ఉంది.

ఎర్రకారు దగ్గర ఆయన లేవలేదు. అరచెయ్యి అలాగే టైరు మీద ఉండిపోయింది.

నేను తలుపు తెరుచుకుని పరిగెత్తాను. సిగ్రూన్ కూడా దిగి వచ్చింది.

"ఈ కారు రాదు" అంటున్నాడు ఎంబ్రిక్.

ఔదున్ ముఖంలో కోపం లేదు. అయోమయం. "దిద్రిక్ చాలన్నాడండీ. నిన్ననే అడిగాను."

వెనక సీట్లో మారిట్ కళ్ళు మూసుకుంది. సిగ్రూన్ నా వైపు తిరిగింది. ఎంబ్రిక్ కూడా మెల్లగా తల ఎత్తి, మా కారు టైర్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

రహస్యంగా చెబుదామన్నా గాలి ఒప్పుకోలేదు. అరవాల్సి వచ్చింది.

"నేనే చెప్పాను! చాలన్నది నేనే!"

"ఏమంటున్నాడు?" అంది దాగ్నీ అవ్వ ముందు సీట్లోంచి. "గట్టిగా చెప్పవయ్యా, గాలి!"

నా జీవితంలో నన్ను గట్టిగా చెప్పమన్నది ఆవిడొక్కర్తే. చెప్పాను. వసంతమని చాటింది నేను. మళ్ళీ మార్చుకున్నది నేను. నవ్వుతారని కారు చర్చి వెనక దాచింది నేను. ఔదున్ అడిగినప్పుడు హోటల్ మూయడానికి ఇరవై నిమిషాలుంది, నా చేతులకి గ్రీజు ఉంది, ఆ చేతులు జేబుల్లో పెట్టుకుని చాలన్నది నేను. ముందు కార్లవాళ్ళు, వెనక కార్లవాళ్ళు కిటికీలు దించి విన్నారు. రేవులో నేనెప్పుడూ అంత మందికి ఒకేసారి వినిపించలేదు. అమ్మడానికి చేప కూడా లేదు.

అవ్వ తల ఊపి, "అయితే ఈసారి కూడా జున్ను లేనట్టే" అంది.

"మా కారులో ఎక్కండి" అంది సిగ్రూన్. నా వైపు చూడకుండా అంది.

అవ్వని ముందు కూర్చోబెట్టాం. ఔదున్, మారిట్ వెనక. ఎర్రకారు గేటు పక్కకి తీసి పెట్టి, సామాను మా డిక్కీలో కుక్కాం. బాకా పెట్టె డిక్కీలో పట్టలేదు. కారు పైన కడదామంటే గాలికి ఆగదన్నాడు ఎంబ్రిక్. వెనక సీట్లో మిగిలింది ఒక్క చోటు.

మారిట్ నన్ను చూసి చెప్పింది. "ఒక బాకా ఎక్కాలంటే ఒక బాకా దిగాలి."

"ఇత్తడిదే ఎక్కించండి" అన్నాను. "అది ఊదితేనే మోగుతుంది."

గేటు పక్క గుడిసెలో కాఫీ దొరుకుతుంది. రోడ్డు తెరిచేదాకా, రేపో ఎల్లుండో, అక్కడ కూర్చుంటాననుకుని నడిచాను. సిగ్రూన్ కారు ఎక్కి తలుపు వేసుకుంది. ఆమెకి కావలసింది దొరికింది, మొదటి కారు. నాకు అంతే చాలనుకున్నాను. ఆ మాట మనసులో కూడా గట్టిగా అనుకోలేకపోయాను.

లారీ పక్కనుంచి పోతుంటే పైన తలుపు తెరుచుకుంది.

"ఎక్కు" అన్నాడు ఎంబ్రిక్.

ఎక్కాను.

గేటు లేచింది. లారీ కదిలింది. ఓ వంద గజాల తర్వాత లోకం అయిపోయింది.

నేను మాటలమ్ముకుని బతికేవాణ్ణి, కానీ ఆ తెలుపుకి నా దగ్గర మాట లేదు. పైనా లేదు, కిందా లేదు. నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. అద్దం మీదికి మంచు పడటం లేదు, మేమే దాంట్లోకి పడుతున్నట్టుంది. కదులుతున్నామో ఆగి ఉన్నామో చెప్పేది ఒక్క పార చప్పుడే. రోడ్డుకి రెండు పక్కలా పాతిన గడకర్రలున్నాయి. ఎంబ్రిక్ వాటిల్లో ఒకదాన్ని వెతుక్కునేవాడు. అది కనపడితే దానిదాకా వెళ్ళేవాడు. అక్కడ ఇంకోటి కనపడేది. ముప్పై నాలుగేళ్ళు ఆయన రోడ్డు మీద నడపలేదని అప్పుడు తెలిసింది. ఒక కర్ర మీంచి ఇంకో కర్ర మీదికి నడిపాడు.

ఆయన కళ్ళు రెండే చోట్లకి వెళ్ళేవి: ముందు కర్ర, పక్క అద్దం. అద్దంలో రెండు పసుపు చుక్కలు. సిగ్రూన్ దీపాలు. ఆ వెనక ఇంకా ఇరవై ఒక్క కార్లున్నాయి. కనపడవు. ఆయన కాలు తీస్తే రెండు చుక్కలూ దగ్గరయ్యేవి. నొక్కితే, వెంటనే అద్దం చూసుకుని మళ్ళీ తీసేవాడు. ఆ చుక్కలు చెదరకుండా మొత్తం కొండని ఆయన అరికాలితో తూస్తున్నాడు.

సగం దారిలో ఆయన మాట్లాడాడు.

"కర్ర కనపడిందా?"

"లేదు."

"నాకూ లేదు."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఆగుతా."

ఆగాడు. రేడియోలో ఒక్క ముక్క చెప్పాడు. వెనక ఇరవై రెండు కార్లు, ఒకదాని తర్వాత ఒకటి, ముందున్న దీపం ఆగడం చూసి ఆగిపోయాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ఎంబ్రిక్ కిటికీ రెండంగుళాలు దించి చెవి పెట్టాడు. గాలి తప్ప ఏమీ లేదు.

ఎంతసేపో తెలియదు. గాలి ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు ఆగింది. తెలుపు చీలింది.

మా ఇనుప పారకి పది బారల దూరంలో రెయిన్‌డీరు జింకలు. ఒకటి కాదు, పది కాదు. రోడ్డు నిండా, రోడ్డుకి అటూ ఇటూ, కొండ వాలు నిండా. ఎదమీద మంచు గడ్డకట్టి, తలలు వంచుకుని, ఒకదాని అడుగులో ఒకటి అడుగు వేస్తూ దాటుతున్నాయి. వందలుంటాయి. చప్పుడే లేదు. కొన్నిటి పక్కన నిరుడు పుట్టిన చిన్న కూనలు. వాటి వెనక, ఆ చీలికలో, హిమశిఖరం నీలంగా వెలిగింది, ఎవరో లోపలినుంచి దీపం పెట్టినట్టు. మేం ఆగకపోయి ఉంటే? ఆ ఆలోచన పూర్తి చేయలేకపోయాను.

ఎంబ్రిక్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటిలో ఆఖరి జింక దాటేదాకా అలాగే ఉన్నాడు.

"ఇవున్నాయని తెలుసా?" గుసగుసగా అడిగాను. నా గొంతులో గుసగుస ఉందని నాకే తెలియదు.

"తెలీదు. కర్ర కనపడలేదు, అంతే."

తెలుపు మళ్ళీ మూసుకుంది. కర్ర కనపడింది. కదిలాం. మరో రెండు మూడు కర్రలు దాటాక, అద్దంలోంచి చూపు తిప్పకుండా ఆయన అన్నాడు:

"చాలులే అని చెప్పేవాడు ప్రతి ఏడూ ఒకడుంటాడు. కార్లొస్తాయి. వాడు రాడు." గేరు మార్చాడు. "నువ్వు దిగొచ్చి చెప్పావు."

అంతే అన్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా, ఆరేళ్ళయింది, మా ఇంట్లో నేను 'చాలు' అనే ముందు ఒక్క క్షణం ఆగుతాను. సిగ్రూన్ ఆ క్షణాన్ని గమనిస్తుంది.

అవతలి గేటు దగ్గర గాలి సన్నబడింది. ఎంబ్రిక్ లారీ పక్కకి తీసి ఆపి, అద్దంలో వెళ్ళే కార్లని లెక్కపెట్టాడు. ఒక్కో కారూ మమ్మల్ని దాటుతూ దీపాలు ఒకసారి ఆర్పి వెలిగించింది. ఇరవై రెండు. రేడియో అందుకున్నాడు. "అందరూ దాటారు."

సిగ్రూన్ కారు పక్కన ఆపి, పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతోంది. తండ్రి మెడ పట్టుకోబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆయన ఆమెని చూడటం లేదు. ఆమె వెనక చూస్తున్నాడు. గేటుకి ఇవతల, పడమటికి వెళ్ళాల్సిన కార్లు, ఇంకో పొడుగాటి వరస, ఎప్పట్నుంచో ఆగి ఉన్నాయి. ముందు కారులో ఒకామె పసిబిడ్డని దుప్పట్లో చుట్టి ఊపుతోంది.

"నాన్నా, ఇదే ఆఖరిదన్నారు కదా?"

"జనం ఉన్నారు" అన్నాడు ఎంబ్రిక్, చేతి తొడుగు తీస్తూ. మొదటి కారు దగ్గరికి నడిచి, మంచులో మోకాలు ఆనించి, టైరు మీద అరచెయ్యి పెట్టాడు.

నేను లారీ దిగాను. సిగ్రూన్ కారు తాళాలు నా చేతిలో పెట్టింది. ఎక్కమని ఎవరూ అనలేదు. లారీ చుట్టూ తిరిగి వెళ్ళి, నేను ఖాళీ చేసిన సీట్లోకి ఎక్కి కూర్చుంది.

ఎంబ్రిక్ అన్ని కార్లూ చూసి తిరిగొచ్చాడు. తలుపు తెరిచి కూతుర్ని చూశాడు. ఎక్కాడు. ఆమె బెల్టు పెట్టుకునేదాకా కదల్లేదు.

గేటు లేచింది. లారీ వెనక ఒక్కో కారూ తెలుపులోకి దిగింది. ఔదున్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మారిట్ అవ్వకి చెయ్యి ఆసరా ఇచ్చి దించింది. ఆ నారింజరంగు దీపం ఒక కర్ర దాటింది. ఇంకోటి దాటింది. మూడోదాని దగ్గర కొండ దాన్ని తనలోకి తీసుకుంది. ఎప్పుడు తీశానో తెలీదు, నా టోపీ నా చేతుల్లో ఉంది.